వెనక తలుపు గడియ

వీసాల ఆఫీసుకి ఫోన్ చేసింది పైవాటా పెద్దాయనే. ఆ విషయంలో కత్తెరయ్యకి ఆవగింజంత అనుమానం కూడా లేదు.

కత్తెరయ్య అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ముందుగదిలో సెలూను, వెనక రెండు గదుల్లో ఒకామెతో కాపురం. పదేళ్ల కిందట ఆమె పని కోసం ఈ దేశం వచ్చింది. వీసా గడువు అయిపోయినా వెళ్లలేదు. ఎలా వెళ్తుంది, అప్పటికే కత్తెరయ్య కబుర్లకి పడిపోయింది మరి! ఇప్పుడు ఇద్దరు పిల్లలు. వీధి దృష్టిలో ఆమె అతని భార్య. ప్రభుత్వం దృష్టిలో అసలు లేనే లేని మనిషి.

"ఇక్కడ పుట్టిన పిల్లలుంటే తల్లిని ఉండనిస్తారటండీ. మీరొచ్చి సంతకం పెడితే చాలట," అని ఆమె అడగని నెల లేదు.

"పెడదాంలే. పిల్లల పరీక్షలు కానీ," అనేవాడు. పరీక్షలయ్యాక వానలు తగ్గనీ అనేవాడు. ఊరందరి పీకల మీద కత్తి ఆడించే మనిషి ఆ ఆఫీసు ఉన్న వీధిలోకి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. వాళ్లు కాదంటే? ఇదిగో ఇక్కడుంది, పట్టుకుపొండని మనమే అడ్రసు ఇచ్చినట్టు కాదూ?

అందుకని దరఖాస్తుకి బదులు ఓ పథకం వేశాడు. తెలియనివాళ్లు తలుపు కొడితే ఆమె వెనక తలుపులోంచి పెరట్లోకి, పెరట్లోంచి పక్క సందులోకి జారుకోవాలి. తన తెలివికి తనే మురిసిపోయి, పండగకి నాటకం ఆడించినట్టు ఇంటిల్లిపాదితో రిహార్సల్స్ కూడా చేయించాడు. ఆమె మాత్రం పిల్లల బడి ముఖం చూసి ఎరగదు. చిన్నాడికి జ్వరమొస్తే ఆస్పత్రి బయటే నిలబడి, లోపలికి అతన్ని పంపేది.

తీరా ఆఫీసువాళ్లు నిజంగా వచ్చిన పొద్దున పథకం కాస్తా బెడిసికొట్టింది. వెనక తలుపు తెరుచుకోలేదు. లాగాడు, తోశాడు, భుజంతో గుద్దాడు. బయట గడియ పెట్టి ఉంది!

ఆ పెరట్లోకి దిగే మెట్లు పైవాటావి. ఇంకేం సాక్ష్యం కావాలి?

"మీ గురించి మాకు ఫోనొచ్చింది," అంటూ ఆఫీసరమ్మ లోపలికి వచ్చింది.

"ఎవరు చేశారు మేడమ్?" కత్తెరయ్య భుజం తడుముకుంటూ అడిగాడు.

"పేరు చెప్పలేదు. చెప్పినా మీకు చెప్పం."

కత్తెరయ్య పైకప్పు వంక గుర్రుగా చూశాడు. ఇల్లాలే నిబ్బరంగా కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. పిల్లల పుట్టిన కాగితాలు, బడి కాగితాలు, ఫొటోలు అడిగినవి అడిగినట్టు సంచీలోంచి తీసిచ్చింది. ఎంత గుండె ధైర్యం ఈ పిచ్చిదానికి అని అతను నోరు తెరుచుకు చూశాడు.

"సోమవారం ఇద్దరూ ఆఫీసుకి రండి," అంది ఆఫీసరమ్మ వెళ్తూ. "మీరొచ్చి దరఖాస్తు మీద సంతకం పెట్టకపోతే మాత్రం ఈవిణ్ణి పంపించెయ్యాల్సి వస్తుంది."

ఇక పరీక్షలూ లేవు, వానలూ లేవు. సోమవారం ఆఫీసు తలుపులు తీయకముందే గుమ్మంలో నిలబడ్డాడు కత్తెరయ్య. సంతకం పెట్టమన్నచోటా పెట్టాడు, పెట్టొద్దన్నచోటా పెట్టాడు.

జవాబు కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో అతనికి తిండి సయించలేదు. ఆమెని పంపించేస్తే? ఈ ఇల్లు ఏం కాను? పిల్లలకి ఏం చెప్పను? అనుకుంటే చాలు, ఏడుపు తన్నుకొచ్చేది. ఏడుపు వెనకే పైవాటా పెద్దాయన మీద కోపం.

సరిగ్గా అప్పుడే ఆ పెద్దాయన క్రాఫుకి వచ్చి కూర్చున్నాడు. కత్తెరయ్య మెడకి గుడ్డ కట్టి, మిషను చేతికి తీసుకుని, కసితీరా దున్నేశాడు.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. "ఏమిటోయ్ ఇది? మేక మేసినట్టుంది!"

"కొత్త ఫ్యాషనండీ. ఇప్పుడంతా ఇదే."

ఆ సంగతి తెలిసి ఆమె లబోదిబోమంది. "ఆయన్నెందుకండీ అలా చేశారు? పాపం, ఏ పాపం ఎరగని మనిషి." అంతటితో ఊరుకుందా, రెండు రోజులు కూర్చుని ఉన్నితో టోపీ అల్లి, స్వయంగా మెట్లెక్కి ఇచ్చొచ్చింది.

"నిన్ను పట్టించినవాడికి టోపీ అల్లిస్తావా? నీ అంత వెర్రిబాగులదాన్ని నేనెక్కడా చూళ్లేదు," అని కత్తెరయ్య తల పట్టుకున్నాడు.

చివరికి ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఉండనిచ్చారు. ఆమె ఫొటోతో, ఆమె పేరుతో కార్డు ఇచ్చారు. కత్తెరయ్య దాన్ని కళ్లకద్దుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు పొద్దున ఇల్లంతా హడావిడి. పిల్లల్ని బడిలో దింపడానికి ఆమే వెళ్తోంది, మొట్టమొదటిసారి. చిన్నాడు అప్పుడే చెప్పులేసుకుని గుమ్మంలో గంతులేస్తున్నాడు. ఆమె కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని జడలు వేస్తోంది. అది చూస్తుంటే కత్తెరయ్య కడుపు నిండిపోయింది. అంతలోనే పైనుంచి పెద్దాయన దగ్గు వినిపించింది, పాత కోపం భగ్గుమంది.

"అంతా మంచే జరిగింది, కాదనను. జరక్కపోయుంటే? నువ్వేమైపోయేదానివి, మేమేమైపోయేవాళ్లం? ఆ ఫోన్ చేసిన చెయ్యి పడిపోను!"

"పొద్దున్నే అలా తిట్టకండీ," అంది ఆమె, తల ఎత్తకుండానే. "ఈ చెయ్యి పడిపోతే పిల్లదానికి రెండో జడ ఎవరేస్తారు?"