వేడెక్కని టేపు

“మళ్ళీ ఆగలేదు పెద్దమ్మా!” అంటూ తల పట్టుకుంది ప్రోగ్రామరు.

యాభై ఏళ్ల నాటి కంప్యూటరును, దాని టేపు యంత్రంతో సహా, ఈనాటి లాప్‌టాప్‌లో అచ్చుగుద్దినట్టు నడిపించే ప్రోగ్రాము రాస్తోందామె, మ్యూజియం వాళ్ల కోసం. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. పాత లాగ్‌బుక్కులో రోజూ పదకొండింటికి ఒకటే మాట: ‘టేపు యంత్రం వేడెక్కింది. పావుగంట ఆపాము.’ మూడు వారాలుగా కుస్తీ పడుతున్నా తన ప్రోగ్రాములో టేపు ఎందుకు ఆగదో అంతుపట్టలేదు. చివరికి ఆ రోజుల్లో దాన్ని నడిపిన పెద్దమ్మనే పిలిపించింది.

పెద్దమ్మ లాగ్‌బుక్కు చూసి ముసిముసిగా నవ్వింది.

“ఇది నా చేతిరాతేనే. వేడీ లేదు, పాడూ లేదు. టీ తాగి నాలుగు కబుర్లు చెప్పుకోడానికి మేమే ఆపేవాళ్లం.”

“మరి మీ ఆఫీసరు పట్టుకోలేదా?”

“ఆయనా? నోట్లో వేలు పెడితే కొరకలేని అమాయకుడు! చూడకుండా సంతకం గీకేసేవారు.”

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. ఆ ఆఫీసరే! ఆయన్ని కూడా రమ్మన్నానని పెద్దమ్మకు చెప్పడం ప్రోగ్రామరు మరిచేపోయింది. పెద్దమ్మ నాలుక కరుచుకుంది.

“మీరంతా స్వెటర్లు వేసుకుని పనిచేసిన ఏసీ గదమ్మా అది. అందులో యంత్రం ఎలా వేడెక్కుతుంది?” అన్నాడాయన నింపాదిగా. “ఆ పావుగంటా నా గదికి ఎవరూ రారని, హాయిగా కునుకు తీసేవాణ్ణి.”

మూడు వారాల కష్టానికి ఏడవాలో నవ్వాలో ప్రోగ్రామరుకు తెలియలేదు.

పెద్దమ్మ మాత్రం నిజంగానే నొచ్చుకుంది. “ఆ ముక్క అప్పుడే చెప్పొద్దూ సార్! అరగంట రాసుకునేవాళ్లం కదా!”