టీకా దోమలు రాని వీధి

వావిలి తోట వెయ్యమని నా వెంటపడింది ఆరోగ్య శాఖ పరదేశినాయుడే. జ్వరాల మందుకి ఆకు కావాలన్నాడు, వేశాను. పీకించిందీ అతనే.

ఇప్పుడు డెంగీ టీకా వేసేది దోమలే. సోమవారం సోమవారం వదులుతారు, జనం చేతులు చాపుకుని అరుగుల మీద కూర్చుంటారు. మొన్న నాయుడు మా ఆవిడ చేతులు తిప్పి చూశాడు.

"ఒక్క కాటూ లేదేంటి వదినా? దోమతెరలో దాక్కున్నావా?"

"మా వీధికి ఒక్క దోమా రాదు బాబూ. నా రక్తం మీ అన్నయ్యే తాగేశాడని తెలిసిపోయినట్టుంది."

నాయుడు నవ్వలేదు. నా తోట వైపు చూశాడు.

"ఆ ఆకు వాసనకే రావట్లేదన్నా. మీ వీధిలో ఎవరికీ టీకా పడలేదు. ఎదురింటి సత్యవతికి డెంగీ అందుకే వచ్చింది."

సత్యవతికి రోజూ ఆ ఆకు కషాయం పోస్తున్నది నేనే. మర్నాడు తోట పీకే యంత్రం వస్తే అడ్డుపడలేదు.

పోయింది ఎకరా పన్నెండు సెంట్ల తోట.