పేజీ తిప్పని టీచరమ్మ

‘తిప్పు తల్లీ, ఇకనైనా తిప్పు!’ గిరి మనసులోనే మొత్తుకున్నాడు. పేజీ మాత్రం కదల్లేదు.

తిరుమల దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్‌లో పొద్దుటినుంచీ అతనికి ఇదే పని. తలుపుకి బయట తాళం, చుట్టూ ఇనుప ఊచలు, లోపల వందలమంది. సెల్లు ముందే కౌంటర్లో అప్పగించేశాడు. అది చేతిలో లేకపోయేసరికి కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నవాడికి, పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో పుస్తకం కనబడింది. అట్ట ఊడిపోయిన పాత నవల. మడత పెట్టిన పేజీ దగ్గర తెరిచి, ఆవిడ దాన్ని ఇద్దరి మధ్యకీ జరిపి పట్టుకుంది. వెలుతురు కోసం కాబోలనుకుని గిరి ఓరకంట చదవడం మొదలుపెట్టాడు. అంతే, ఇరుక్కుపోయాడు.

కథలో అన్న పూడిక తీయడానికి బావిలోకి దిగాడు. పైన తాడు పట్టుకున్నవాడు తమ్ముడు. పొలం పంపకం దగ్గర మాటామాటా పెరిగింది. తమ్ముడు తాడు పైకి లాగేసి ఇంటిదారి పట్టాడు.

పేజీ చివరికొచ్చి గిరి గట్టిగా నిట్టూర్చాడు.

“చదివేసినావా?” అంది ఆవిడ.

దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా గిరి తడబడ్డాడు. “అంటే... ఊరికే చూస్తా ఉన్నానమ్మా.”

“చూడు, చూడు. పుస్తకం ఉండేది చూసేదానికే కదా. నా పేరు అలివేలమ్మ. ఐరాల బళ్ళో టీచరుగా చేసి రిటైరైనా. ఇది మా చెల్లెలు మునిరత్నమ్మ.”

చెల్లెలు ఊచలకానుకుని కునుకు తీస్తోంది. నిద్రలో కూడా అక్క కొంగు వేళ్ళకి చుట్టుకునే ఉంది. ఈ వయసులో తప్పిపోతానని భయమా అని గిరి లోపల్లోపల నవ్వుకున్నాడు.

“అయితే తమ్ముడు చేసింది న్యాయమేనంటావా?” అలివేలమ్మ అడిగింది.

“న్యాయమెట్లా అవుతుంది టీచరమ్మా? అన్నను బావిలో వదిలేసి తాడు లాక్కొని పోతాడా?”

“అన్న ఏమీ అనకనే పోయినాడా?”

“అన్నాడు లెండి, తూర్పు మడి నాదేనని. అంతమాత్రానికేనా?”

ఆవిడ తల పంకించి, కాసేపు ఆలోచించి, అప్పుడు పేజీ తిప్పింది.

ప్రతి పేజీకీ ఇదే విచారణ. గిరి చదివి నిట్టూర్చాలి, ఆవిడ ప్రశ్నలు వేయాలి, ఇతను జవాబు చెప్పాలి. ఆ తర్వాతే పేజీకి మోక్షం. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టే ఉంది వ్యవహారం. లేచి పోదామంటే తలుపుకి తాళం. కథ వదిలేద్దామంటే అన్న బావిలో ఉన్నాడు.

“ఇంత నిదానంగా చదివితే ఎప్పటికయ్యేను? నేనయితే చిత్తూరులో బస్సెక్కి తిరుపతిలో దిగేలోపల ఒక నవల ముగించేస్తా,” అన్నాడు ఉండబట్టలేక.

“నేనూ ఒకప్పుడు అంతే అబ్బా. అన్నం మింగినట్టు మింగేదాన్ని. పోనుపోను తెలిసింది, పుస్తకాన్ని ఊరగాయ మాదిరి నంజుకోవాలని. దీన్నయితే ఊరించుకుని ఊరించుకుని చదివినా. కడాన ఉండే భాగం దాచిపెట్టుకున్నా.”

“ఇప్పుడు ఒక్కో పేజీకి ఎంతసేపు పడుతుంది మీకు?”

“పక్కన కూర్చున్నోళ్ళను బట్టి.”

ఆ చురక తనకేననుకుని గిరి మళ్ళీ పేజీలోకి తలదూర్చాడు.

పాలు పంచేవాళ్ళు వచ్చారు. కప్పు ముఖం ముందు పెట్టినా అలివేలమ్మ చెయ్యి చాపలేదు. మునిరత్నమ్మే లేచి, కప్పు అక్క చేతిలో పెట్టింది. పుస్తకంలో ఎంతగా మునిగిపోయిందో మహాతల్లి, అనుకున్నాడు గిరి. కొంచెం అసూయ కూడా కలిగింది.

“మీరు చదవరామ్మా?” అని చెల్లెల్ని అడిగాడు.

“నాకు సదువూ గిదువూ లేదు నాయనా. నిద్రే నా పురాణం,” అని ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది.

పుస్తకంలో నాలుగు కాగితాలే మిగిలాయి. బయట తాళాల గుత్తి చప్పుడు వినబడినప్పుడల్లా గిరి తలుపు వైపు చూస్తున్నాడు.

“తొందరగా తిప్పండి టీచరమ్మా. తలుపు తీసేస్తే అన్న బావిలోనే ఉండిపోతాడు!”

“ముందు జరిగింది చెప్పు.”

“ఊట పడింది! నీళ్ళు ఎదకొచ్చేసినాయి! వాడేమో ఇంట్లో అన్నం ముందర కూర్చోనుండాడు. అన్న కంచం ఏదిరా అని వాళ్ళమ్మ అడుగుతా ఉంది. ఎప్పుడూ నన్నే అడుగుతారే, మీరొక్కటీ చెప్పరే?”

“ముప్పై ఏండ్లు అడగడమే నా పని. పిలకాయలు చెప్పేవాళ్ళు. చెప్పండయ్యా అని ఒకరిని బతిమాలుకోవడం నాకు చేతకాదబ్బా.”

ఆఖరి పేజీ ఒక్కటే మిగిలుండగా తాళం తీసిన చప్పుడైంది. “గోవిందా... గోవింద!” అంటూ హాలంతా లేచి నిలబడింది. గిరి జనానికి వీపు అడ్డం పెట్టి అరిచాడు.

“తిప్పండి!”

ఆవిడ తిప్పింది. గిరి వంగి, ఒక్క గుక్కలో చదివేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇప్పుడేమంటావు? తమ్ముడు చేసింది న్యాయమేనా?” అలివేలమ్మ వెంటనే అడిగింది.

గిరికి కొంటెతనం పుట్టింది. “పొద్దుటినుంచీ నేనే చెప్తా ఉండాను. ఈ ఒక్కటీ మీరే చెప్పండి టీచరమ్మా.”

ఆవిడ పేజీ మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయింది. కథ అంతగా కదిలించి ఉంటుందనుకుని, దండం పెట్టి గిరి ముందుకు నడిచాడు.

తలుపు దాటాడో లేదో వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు. మునిరత్నమ్మ. రెండో చేత్తో అక్క చెయ్యి పట్టుకునే ఉంది.

“నాయనా, ఆ తమ్ముడు తాడేసినాడా లేదా, మా యక్కకు సెప్పి పో.”

“పుస్తకం ఆమె చేతిలోనే ఉండాది కదమ్మా!”

“సూపు పోయినాక మా యక్కకు అచ్చరాలు కనపడవు నాయనా.”