‘ఆ’ అంటే కుదరదు

“మొదటి ఒలింపిక్స్ ఏ ఊర్ల?” అని రహమాన్ ట్యాంకు మూతిలోకి అరిచాడు.

“ఏథెన్స్,” అన్నాడు లోపలి నుంచి బాలప్ప.

ఫుట్‌బాల్ తొలి కప్పుకు ఉరుగ్వే, హాకీలో మన తొలి బంగారానికి ఆమ్‌స్టర్‌డాం. గంట కొట్టినట్టు వచ్చాయి జవాబులు. రహమాన్ తృప్తిగా తలాడించాడు.

బాలప్ప ఉన్నది జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీలో, సాల్వెంటు అనే ఘాటు ద్రావకం నిలవ చేసే ట్యాంకు కడుపులో. అడుగున పేరుకున్న మడ్డి గీకుతున్నాడు. అతని నడుముకు కట్టిన తాడు రెండో కొస బయట రహమాన్ చేతిలో ఉంది. ట్యాంకుల చుట్టూ నడుమెత్తు గోడ. ఆ గోడ లోపల, ట్యాంకు మూతి పక్కనే, పొట్టి స్టూలు వేసుకుని కూర్చున్నాడు రహమాన్. లోపలివాడితో మాట్లాడుతూ ఉండటమే అతని పని. గాలి చెడితే మనిషిలో ముందు చెడేది మాటే.

మామూలుగా అందరూ “బాగున్నవా?” అని అడుగుతారు. రెండేళ్ల కిందటి వరకు రహమానూ అదే అడిగేవాడు. ఆ రోజు లోపల ఉన్నది బాలప్ప అన్న యాదన్న. అడిగినప్పుడల్లా “ఆ” అన్నాడు. పావుగంట సేపు “ఆ” అంటూనే ఉన్నాడు. స్పృహ పోతున్నా ‘ఆ’ అనడం మాత్రం పోదని రహమాన్‌కు తెలిసేసరికి యాదన్న లేడు.

అందుకే ఈ ప్రశ్నలు. ‘ఆ’ అని తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్నలు. ఒకప్పుడు కానిస్టేబుల్ పరీక్ష కోసం రహమాన్ ఆటల చరిత్రంతా బట్టీ పట్టాడు. ఉద్యోగం రాలేదు, చరిత్ర మాత్రం పోలేదు. దాన్నంతా టీ తాగే వేళల్లో బాలప్ప బుర్రలోకి ఎక్కించాడు. బాలప్ప జన్మలో బ్యాటు పట్టలేదు, స్టేడియం మొహం చూడలేదు. అయినా ఏ కప్పు ఏ దేశం పట్టుకుపోయిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఇద్దరి మధ్యా ఒకటే ఒప్పందం. రెండు జవాబులు తేడా వస్తే మారు మాట లేకుండా బయటికి గుంజేయడమే.

యాదన్న పోయినప్పుడు వాళ్ల తల్లి ముత్యమ్మ రహమాన్‌ను ఒక్క మాటా అనలేదు. నెల తిరక్కుండా చిన్న కొడుకును తెచ్చి అతని ముందు నిలబెట్టింది. “నీ చేతుల పెడుతున్న బిడ్డా,” అంది. తిట్టినా బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

పొద్దున సూపర్‌వైజర్ రాజారావు ట్యాంకులోకి మీటరు దింపి గాలి చూశాడు. బాగుందని కాగితం మీద సంతకం పెట్టాడు. గోడ అవతలి నుంచి లావుపాటి గొట్టమొకటి ట్యాంకులోకి మంచి గాలి కొడుతోంది. ఇక వాసనంటారా, అది ఉంది. ఆ చుట్టుపక్కల లేనిదెప్పుడు? కొత్తగా వచ్చినవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు తొలకరి పడ్డా మట్టి వాసన తెలియదు.

“హాకీ వరల్డ్ కప్ మనం ఎప్పుడు గెల్చినం?”

“డెబ్బై అయిదుల. కౌలాలంపూర్ల.”

ఇంకో అరగంటలో అయిపోతుందన్నాడు బాలప్ప. అయ్యాక ఇద్దరూ కలిసి తినాలి. టిఫిన్ చేయకుండా వచ్చాడేమో, రహమాన్‌కు తల కాస్త బరువుగా ఉంది. స్టూలు మీద సర్దుకుని తర్వాతి ప్రశ్న వేశాడు.

“మొదటి ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఎవరు గెలిచిన్రు?”

లోపల గీకుతున్న చప్పుడు ఆగింది.

“ఉరుగ్వే. గిది మొదలే అడిగినవ్ గద భాయ్?”

అడగలేదు. అడగలేదని రహమాన్‌కు గట్టిగా తెలుసు. అడగనిది అడిగినట్టు అనిపించడం మంచి గుర్తు కాదు. అతను తాడు బిగించి పట్టుకున్నాడు.

“యాభై రెండుల జరిగిన ఒలింపిక్స్‌ల మనకు కుస్తీల పతకం వచ్చింది. ఏ ఊర్ల?”

“హెల్సింకిల.”

మెల్‌బోర్న్ కదా! రహమాన్ మూతి మీదికి వంగాడు. మళ్లీ అడిగాడు. “నువ్వు నేర్పిందే గద,” అని మళ్లీ హెల్సింకే అన్నాడు బాలప్ప. ఆ గొంతు కూడా బావి అడుగు నుంచి వస్తున్నట్టుంది. ఒకసారి తికమక, ఒకసారి తప్పు. రెండూ అయిపోయాయి.

“బయటికి రా తమ్మీ.”

“ఏమైంది భాయ్? నేను మంచిగనే ఉన్న.”

యాదన్నా చివరిదాకా బాగానే ఉన్నానన్నాడు. రహమాన్ స్టూలు మీంచి లేచాడు. చెవుల్లో హోరు మొదలైంది, తల గిర్రున తిరిగింది. ఇంత భయం ఎన్నడూ ఎరగడు. విజిల్ నోట్లో పెట్టుకుంటే ఊదడానికి ఊపిరి చాలలేదు. అయినా ఊదాడు. రెండు చేతులతో తాడు గుంజాడు. ముత్యమ్మ ముఖం కళ్ల ముందు మెదిలింది. ఈసారి పోనివ్వను, పోనివ్వను అనుకుంటూ గుంజాడు.

ట్యాంకు మూతిలోంచి రెండు చేతులు బయటికొచ్చాయి. తర్వాత బాలప్ప తల వచ్చింది. అది చూసి రహమాన్‌కు ఏడుపొచ్చింది.

అంబులెన్స్ పటాన్‌చెరు వైపు పోతోంది. ముందు సీట్లో రాజారావు ఫోన్లో ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. పక్క ట్యాంకు వాల్వు ఎవరో సరిగా మూయలేదట. సాల్వెంటు కారి గోడ లోపల గచ్చంతా పారిందట. వాసన రోజూ ఉండేదే కదా అని ఎవరూ పట్టించుకోలేదట.

వెనక ఒకడు పడుకుని ఉన్నాడు. ఇంకొకడు అతని మీదికి వంగి, చెంపలు తడుతూ, ఏడుస్తూ, అడుగుతూనే ఉన్నాడు.

“మొదటి ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఎవరు గెలిచిన్రు? జెర చెప్పు. ఒక్క మాట చెప్పు. ఎవరు గెలిచిన్రు?”

స్ట్రెచర్ మీది నుంచి రహమాన్, “ఆ” అన్నాడు.