లైను మూసిందెవరు

పెళ్ళికొడుకు తల్లి విశాఖ నుంచి పెళ్ళికూతురు శ్వేతని ఏదో అడగబోతుండగా తెర నల్లబడింది. పెళ్ళిచూపుల వీడియో కాల్ తెగడం ఇది రెండోసారి.

హిందీ మాట్లాడే ఊళ్ళో, దయాల్‌బంద్ పేటలోని ఆ ఇంటి ముందుగదిలో అందరూ కోడలు జ్యోతిర్మయి వైపు తిరిగారు. కంప్యూటరు ఆమెది. ఆ చదువూ ఆమెదే.

"ఏటమ్మా జ్యోతీ, ఏటైంది లైనుకి?" అన్నాడు మామగారు జగన్నాథం. రైల్వే లోకో షెడ్‌లో రిటైరైన మనిషి, ఏ యంత్రం మొరాయించినా ఆయనకి చిరాకే.

చూస్తానంటూ జ్యోతిర్మయి ఊరికే నాలుగు మీటలు నొక్కింది. మధ్యాహ్నం తాను పెట్టిన ప్రోగ్రామ్ పనిచేస్తోందనుకుంది. సంతోషించే ఓపిక కూడా లేదు.

కంప్యూటరులో ఎవరు బయటితో మాట్లాడాలన్నా సాకెట్ అనే తలుపు తెరవాలి. ఆ తలుపుల మీద పెత్తనమంతా కెర్నల్‌ది, అంటే యంత్రం లోపలి పెద్దమనిషిది. ఆ కెర్నల్‌లోనే కూర్చుని, ఏ సాకెట్ తెరుచుకుందో కనిపెట్టి, అక్కర్లేనివి మూసే కోడ్ రాయడం జ్యోతిర్మయి ఉద్యోగం. వారం నుంచి ఆఫీసువాళ్ళు పెడుతున్న తొందరకి కళ్ళు మండిపోతున్నాయి. ఇప్పుడు ఇంట్లోనూ అదే చాకిరీ.

ఆడపడుచు శ్వేత కాళ్ళావేళ్ళా పడింది మరి. దగ్గర్లోని తఖత్‌పూర్ బడిలో టీచరు ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. ఈ సంబంధం కుదిరితే అది వదిలేసి విశాఖ పోవాలి. తండ్రికి ఎదురుచెప్పే ధైర్యం లేదు. ఎలాగైనా ఈ కాల్ సాగనివ్వకు వదినా అని ఏడ్చింది. పెళ్ళివారి వైపు తెరిచిన సాకెట్ కాసేపటికే మూసుకుపోయేలా జ్యోతిర్మయి ఏర్పాటు చేసింది. పెద్దాయన్ని మోసం చేస్తున్నానని మనసు పీకుతూనే ఉంది.

మూడోసారి కలిపారు. అటువైపు తల్లి ముహూర్తం మాట ఎత్తిందో లేదో మళ్ళీ తెగింది.

కాసేపటికి జగన్నాథం ఫోన్ మోగింది. ఆయన అచ్ఛా, అచ్ఛా అంటూ విని పెట్టేశాడు. పెళ్ళిచూపుల్లోనే ఇన్ని ఆటంకాలైతే మంచిది కాదు, ఇక్కడితో ఆపేద్దామని వాళ్ళ అబ్బాయే అన్నాడట. మనకి రాసిపెట్టి లేదులే అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

శ్వేత వచ్చి వదిన మెడ చుట్టూ చేతులు వేసింది. "బచా లియా వదినా, కాపాడేశావు. ఏటి కావాలో అడుగు."

"నన్ను పడుకోనియ్యి, చాలు."

మెడ చుట్టూ శ్వేత చేతులు అలాగే ఉండగా, ఆ ప్రోగ్రామ్ తీసేద్దామని జ్యోతిర్మయి తెర ముందు కూర్చుంది. అది రాసిపెట్టిన చిట్టా చదివింది. అలసటలో కనిపెట్టడం వరకే ఆన్ చేసింది. మూయడం ఆన్ చేయనేలేదు.

"నా ప్రోగ్రామ్ ఏటీ మూయలేదు శ్వేతా. ఊరికే చూస్తూ కూర్చుంది. మూడుసార్లూ అటువైపు నుంచే మూశారు."

"నెట్‌వర్క్ పోయిందేమో?"

"నెట్‌వర్క్ పోతే మూస్తున్నామన్న కబురు రాదు. ఇక్కడ మూడుసార్లూ వచ్చింది. ఆపేద్దామన్నది ఆ అబ్బాయేగా, అతనే కావాలని కట్ చేశాడు."

శ్వేత వదిన మెడ మీంచి చేతులు తీసేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాలో ఏటి తక్కువైంది వదినా?"