బావను బంతిలోంచి లేపాలి

వియ్యంకుడి బట్టతల మీద జోకు వేశానని, మా అక్క భర్త కొమురయ్య తన బిడ్డ పెళ్లిలో నన్ను సగం అన్నంలో భోజనాల బంతిలోంచి లేపాడు. నాకు మనవళ్లు పుట్టినా ఆ మంట చల్లారలేదు. బావనూ అట్లాగే లేపాలి.

తీరా బావకు అల్జీమర్స్ వచ్చింది. ఎందుకు లేపుతున్నానో ఆయనకు తెలియకపోతే ఇక పగ ఏముంది? రక్తంలో బీ12 కూడా పడిపోయింది, అది పెరిగితే మతి కొంత కుదురుకోవచ్చని కార్జం, గుడ్లు పెట్టమన్నాడు సిరిసిల్ల డాక్టరు. రోజూ మా తంగళ్ళపల్లి నుంచి మేక కార్జం వండించి బావ ఇంటికి తీసుకెళ్లాను.

"తిను బావా, జల్ది యాదికి తెచ్చుకో. నీతోని పనున్నది."

"నువ్వెవలు?"

"నీ యముణ్ని."

నెలలు గడిచాయి. రక్తం బాగైంది, మతి మాత్రం రాదన్నాడు డాక్టరు. ఇక ఆగలేక నిన్న సగం అన్నంలో బావ రెక్క పట్టుకున్నాను.

"లే! బంతిలకెళ్లి లే!"

బావ లేచాడు. నా భుజం పట్టి తన కంచం ముందు కూర్చోబెట్టాడు.

"మా బామ్మర్దిని గిట్లనే సగం బువ్వల లేపిన. ఆడు మల్ల రాలే. నువ్వన్న కడుపునిండ తిను."