లేపే దీపం

“ఆ చిప్పుని అలా పెట్టొద్దక్కా,” అంది చెల్లెలు. “దీపాన్ని లేపాల్సింది వాడే. వాడికంటూ విడిగా ఓ చిన్న బ్యాటరీ సెల్లు లేకపోతే ఎలా?”

అక్క వేలికొన మీద గోరంత నల్లటి చిప్పు ఉంది. అది టైమర్, దాని పని కాలం లెక్కపెట్టడం. బల్ల మీద ఇంకోటి, కాస్త పెద్దది. బ్యాటరీలోని కరెంటు ఎవరికి ఎప్పుడివ్వాలో, ఎప్పుడు ఆపాలో అది చూసుకుంటుంది. ఈ రెండూ కుదిరితే దీపం కుదిరినట్టే. మెల్లగా మసకబారుతూ మనిషిని నిద్రపుచ్చి, తానూ ఆరిపోయి, చెప్పిన వేళకి తెల్లవారుతున్నట్టు వెలిగి లేపే దీపం అది.

“సెల్లు పెడితే దీపం లావెక్కుతుందే. ఈ పవర్ చిప్పులోంచి కరెంటుకి రెండు దారులున్నాయి. ఒకటి దీపం ఆరగానే ఆగిపోతుంది, ఇంకోటి ఎప్పటికీ ఆగదు. టైమర్‌ని ఆ ఆగని దారికి కలిపేస్తాను.”

“పొరపాటున ఆగిపోయే దారికి కలిపావంటే అంతే సంగతులు. లేపాల్సినవాడు కూడా ముసుగుతన్ని పడుకుంటాడు.”

“నాకు చెబుతున్నావా? నీకీ పని నేర్పిందెవరే?”

చెల్లెలు నాలుక కరుచుకుంది.

కంపెనీ అంటే మూడు గదులు, వాటికి యజమాని వాళ్ళ బాబాయి. ఓ పెద్ద ఫ్యాక్టరీవాళ్ళు ఈ దీపం చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే అక్క కూడా దీపంతోపాటు వాళ్ళ ఊరు వెళ్ళి, కొన్నేళ్ళపాటు తయారీ చూసుకోవాలి. ఇల్లలకగానే పండగ కాదని బాబాయికి ఎవరు చెబుతారు? అప్పుడే కొత్త సూట్‌కేసు కొనుక్కొచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. అక్క దాని మీద కాఫీ కప్పులు పెడుతోంది. చెల్లెలికి మాత్రం దాన్ని చూసినప్పుడల్లా దిగులే. అయినా వెళ్ళొద్దనలేదు. కాళ్ళ దగ్గరికి నడిచొచ్చిన అదృష్టాన్ని వద్దనమని సొంత అక్కకి ఎవరైనా చెబుతారా?

ఆ గదిలో ఓ కట్టుబాటుంది. బోర్డు మీది కరెంటు దారుల్ని కాగితం మీద గీసినవాళ్ళు తమ గీతని తామే సరిచూడకూడదు. అక్క గీస్తే చెల్లెలు, చెల్లెలు గీస్తే అక్క. ఎర్ర పెన్సిల్‌తో ప్రతి గీత వెంటా నడిచి, అంతా బాగుంటే ఓ మూలన సంతకం పెట్టాలి. ఆ సంతకం పడందే బోర్డు తయారవదు.

మర్నాడు కిటికీ అవతల వాన సన్నగా పడుతుంటే చెల్లెలు పెన్సిల్ అందుకుంది. అక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఎర్ర మొన సందుసందూ తిరుగుతోంది. పైకప్పు మీద వాన చప్పుడు జోలపాటలా ఉంది.

“అంతా బాగున్నట్టేనా?” అడిగింది అక్క.

“నువ్వు గీశాక బాగుండక చస్తుందా?” అని సంతకం పెట్టేసింది చెల్లెలు.

బోర్డు తయారై దీపంలో కూర్చుంది. ఓ మధ్యాహ్నం ఫ్యాక్టరీ పెద్దమనిషి వచ్చాడు. కళ్ళ కింద నల్లటి చారలు.

“మందులేసుకున్నా నాకు కునుకు పట్టదమ్మా. సాయంత్రం రైలుంది. గంటలో లేపేలా పెట్టండి, చూద్దాం,” అని దీపం పక్కన వేసిన మంచమెక్కాడు.

కర్టెన్లు మూశారు. దీపం ముందు పండిన నారింజ రంగులో వెలిగింది. తర్వాత తేనె రంగుకి దిగింది. గది గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టయింది. కుర్చీలో బాబాయి తల వాలిపోయింది. అక్కాచెల్లెళ్ళు గోడకి చేరబడి నేలమీద కూర్చున్నారు.

“నిద్రొస్తోందా?” గుసగుసగా అంది అక్క.

“రానీ.”

అక్క చీర కొంగు లాక్కుని కప్పుకుంది చెల్లెలు. దీపం ఆరిపోయింది. ఎక్కడో చాలా దూరంగా వాన పడుతూనే ఉంది.

గంట దాటింది. దీపం వెలగలేదు. పెద్దమనిషి చంటిపిల్లాడిలా బోర్లా తిరిగాడు. బాబాయి గురక అందుకున్నాడు. ఎవరూ ఎవర్నీ లేపలేదు.

“నా రైలు!” అన్న కేకకి అందరూ ఉలిక్కిపడి లేచారు. కర్టెన్ తీస్తే బయట వీధి దీపాలు వెలుగుతున్నాయి.

పెద్దమనిషికి కోపం తెచ్చుకోవాలని ఉంది కానీ ఒంటినిండా నిద్రపోయిన మొహం మీద అది నిలవడం లేదు. “నిద్రపుచ్చడం మీకు బాగా వచ్చు. లేపడమే రాదు. లేపకపోతే ఈ దీపం కొనేవాడెవడమ్మా? వేరేవాళ్ళది చూసుకుంటాం,” అని ఆవలిస్తూ మెట్లు దిగాడు. గొడుగు పట్టుకుని బాబాయి వెనకాలే పరిగెత్తాడు.

అక్క దీపం మూత విప్పింది. బోర్డు చెల్లెలి ముందు పెట్టింది.

“టైమర్‌ని ఆగిపోయే దారికి కలిపాను.”

“పొరపాటేగా. ఎవరికైనా జరుగుతుంది.”

“పొరపాటు కాదే. కావాలనే కలిపాను.” అక్క బోర్డుని బోర్లా తిప్పింది. “నిన్నొదిలి నేనెక్కడికీ వెళ్ళలేను. బాబాయి అంత ఆశపడుతుంటే ఆ మాట మొహమ్మీద అనలేకపోయాను. అందుకే నీ పెన్సిల్ మీద వదిలేశాను. తప్పు నీకు దొరికితే వెళ్ళిపోతాను, దొరక్కపోతే ఉండిపోతాను అనుకున్నా. నీకేమో దొరకలేదు. నీకు చెప్పకుండా చేశాను, ఏమనుకోకే.”

చెల్లెలు దగ్గరికి జరిగి అక్క భుజం మీద తల పెట్టుకుంది.

“దొరికిందక్కా. దొరికాకే సంతకం పెట్టాను.”